టాటా ఏసీలో మూడు రోజులు

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోను. మార్కాపురం నుంచి మా తమ్ముడు.

"అన్నా, బండి తీసుకుంటాండా."

"ఏం బండిరా?"

"చిన్నది. సామాను బండి. అమ్మని సంతకం పెట్టమంటే నిన్నడగమంటాంది."

సంతకం అనగానే విషయం సగం అర్థమైపోయింది. అమ్మ సంతకం పెడితే డబ్బులొచ్చే కాగితం మా ఇంట్లో ఒక్కటే ఉంది. తర్లుపాడు దారిలో ఎకరంన్నర చేను. వానొస్తే కంది, రాకపోతే కంప. దాని పాసుపుస్తకం అమ్మ బట్టల పెట్టెలో పెళ్లినాటి చీర మడతలో ఉంటుంది. నాన్న పోయాక ఆ చీర బయటికి తీసిందీ లేదు, ఆ పుస్తకం బయటికి వచ్చిందీ లేదు.

"నువ్వు పేపర్లో పనిచేస్తావు గదా. పదిమందినడుగు. మనకాడ చిన్నబండికి గిరాకీ ఉందా లేదా అని. నువ్వు లేదంటే మానుకుంటా."

వాడు పెట్టేశాడు. నేను మాత్రం ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. పదేళ్ల పైనుంచి ఫీచర్లు రాస్తున్నాను. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు... అని అడగడం జర్నలిజం డిప్లొమాలో నేర్పారు. వచ్చిన జవాబు మీద మనింటి చేను ఆధారపడి ఉంటే ఏం చేయాలో నేర్పలేదు. మూడు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను.

అమ్మ భయం

అమ్మ భయానికి కారణం ఉంది. మా నాన్న పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మార్కాపురం పలక అంటే తెలియనివారు ఉండరు. ఒకప్పుడు ఎన్నో రాష్ట్రాల పిల్లలు అక్షరాలు దిద్దింది మా ఊరి రాతిపలక మీదే. తర్వాత నోటు పుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. ఫ్యాక్టరీలు కొన్ని మూతపడ్డాయి. కొన్ని అదే రాయిని గోడలకీ నేలకీ వేసే టైల్స్‌గా కోసి విదేశాలకు పంపడం మొదలుపెట్టాయి. నాన్న లాంటి పలకలకు చెక్క చట్రం బిగించే మనుషులకు పని తగ్గింది.

అప్పుడు ఆయన మూడు చక్రాల ట్రాలీ ఆటో తీసుకున్నాడు. ఫైనాన్స్ మీద. సరిగ్గా పద్నాలుగు కంతులు కట్టాడు. పదిహేను, పదహారు కట్టలేకపోయాడు. ఒక తెల్లవారుజామున ఇద్దరు మనుషులొచ్చి బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు. అందులో రాత్రి ఎక్కించి పెట్టిన పలకల కట్టలున్నాయి. ఎవరివో! బండి పోయిందని కాదు, ఆ పలకల కోసం నాన్న మధ్యాహ్నం దాకా ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు. అవి ఇచ్చారు. అమ్మా నేనూ వాటిని రిక్షాలో తెచ్చి ఆసామికి అప్పగించాం.

ఆ సంగతి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కానీ వీధిలో ట్రాలీ ఆటో చప్పుడు వినిపిస్తే అమ్మ ఇప్పటికీ ఒకసారి గుమ్మం వైపు చూస్తుంది.

అందరికీ అది 'ఏసీ'యే

నేను దిగేసరికి తమ్ముడు బస్టాండులో ఉన్నాడు. వాడు ఒక మినరల్ వాటర్ ప్లాంటులో డ్రైవరు. ఓనరుగారి పాత టాటా ఏస్‌లో నీళ్ల టిన్నులు వేస్తాడు. నెల జీతం. ఈ మూడు రోజులూ నేను ఆ బండి ముందు సీట్లోనే తిరిగాను.

బండి పేరు ఏస్. పేకాటలో ఆసు అన్నమాట. మా దగ్గర మాత్రం దాన్ని 'టాటా ఏసీ' అంటారు. పేపర్లలో కూడా చాలాసార్లు అలాగే వస్తుంది. ఏప్రిల్ ఎండలో ఆ ముందు సీట్లో కూర్చున్నవాడికి ఆ పేరులోని వెటకారం బాగా తెలుస్తుంది. ఏసీ సంగతి దేవుడెరుగు... ఇంజను సరిగ్గా మన సీటు కిందే!

మనవాళ్లకు ఇలా బండి పేర్లు మార్చుకోవడం కొత్త కాదు. 1980ల్లో జపాన్ కంపెనీలతో కలిసి మన దేశంలో నాలుగు రకాల చిన్న లారీలు తయారయ్యాయి. డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి, స్వరాజ్ మజ్దా, నాలుగోది మన జహీరాబాద్‌లో పుట్టిన ఆల్విన్ నిస్సాన్. ఆ ఆల్విన్‌ని 1989లో మహీంద్రా తీసుకుంది. డీసీఎం టొయోటా అయితే 1990ల్లోనే కనుమరుగైపోయింది. అయినా ఈ రోజుకీ ఆ సైజు బండి ఏ కంపెనీదైనా సరే... మనకది డీసీఎం! కంపెనీ పోయి పాతికేళ్లు దాటినా పేరు బతికుందంటే ఆ సైజు మనకు ఎంత అవసరమో ఊహించుకోవచ్చు.

అంతకంటే చిన్నది కావాలన్న సంగతి కంపెనీలకు ఆలస్యంగా తెలిసింది. అప్పటిదాకా మూడు చక్రాల ట్రాలీ, లేకపోతే 407 లాంటివి. మధ్యలో ఉన్నవి కొన్నే. 2005 మే నెలలో టాటా మోటార్స్ ఏస్‌ని తెచ్చింది. రెండు సిలిండర్లు, 702 సీసీ డీజిల్ ఇంజను, 16 హార్స్‌పవర్, ముప్పావు టన్ను మోత. ధర రెండు లక్షల పాతికవేలకు అటూఇటూ. మోటారు సైకిల్ కంటే కొంచెం ఎక్కువ బలమున్న ఆ బండి 2017 నాటికి 20 లక్షలు అమ్ముడైంది.

దాని తయారీ వెనక కంపెనీవాళ్లు చెప్పుకునే ఒక కథ ఉంది. ఎలాంటి బండి కావాలని పల్లెల్లో తిరిగి అడుగుతుంటే, మూడు చక్రాల బండి నడిపే ఒకతను అన్నాడట... నాలుగు చక్రాలుంటే మా ఊళ్లో నాకు మంచి సంబంధం వస్తుంది అని. ఇది మా తమ్ముడికి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. వాడికి ఇరవై తొమ్మిదేళ్లు. పోయిన సంవత్సరం రెండు సంబంధాలొచ్చి వెనక్కి పోయాయి. "అబ్బాయి ఏం చేస్తాడంటే డ్రైవరనాల, లేకపోతే సొంత బండి ఉందనాల. రెండిటికీ తేడా నీకేం తెలుస్తదన్నా" అన్నాడు గేరు మారుస్తూ.

ముప్పై ఏడు టిన్నులు

మొదటి రోజంతా మార్కాపురంలోనే. ఉదయం ఐదున్నరకే ప్లాంటు దగ్గర టిన్నులు ఎక్కించాం. పశ్చిమ ప్రకాశంలో నీళ్ల కథ తెలిసినవారికి ఈ గిరాకీ గురించి వేరే చెప్పక్కర్లేదు. బోర్లలో ఫ్లోరైడు. వంకర తిరిగిన కాళ్లు, పసుపు గారలు కట్టిన పళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. వెలిగొండ సొరంగాల్లోంచి కృష్ణ నీళ్లు వస్తాయని చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఈలోగా ఇరవై లీటర్ల టిన్నే మాకు కృష్ణమ్మ.

ఇరవై లీటర్ల టిన్ను ఇరవై కిలోలు. కాబట్టి ముప్పావు టన్ను బండిలో ముప్పై ఏడు టిన్నులకు కాగితం మీద రాసిన బరువు అయిపోతుంది. వాడు ఎక్కించినవి లెక్కపెట్టాను. అరవై రెండు!

"ఎక్కువ కాదా?"

"ముప్పై ఏడేసుకుంటే రెండు ట్రిప్పులు కొట్టాలన్నా. ఆయిలెవరిస్తారు?"

వెనక కమాన్ పట్టీలు చూపించాడు. ఒక్కోవైపు ఒకటి అదనంగా వేయించారు. టైరు సైడున పగుళ్లు. చిన్న బండి చిన్నగా ఉన్నందుకే కొంటారు, కొన్న మర్నాటినుంచి దాన్ని పెద్ద బండి చేస్తారు. ఇది అందరూ చేసే తప్పే. అయినా ఆ రోజు మిట్టమీద బ్రేకు తొక్కినప్పుడు వెనక టిన్నులన్నీ కలిసి మమ్మల్ని ముందుకు నెట్టిన నెట్టు నా వీపుకి ఇంకా గుర్తుంది.

టిన్నులు అయిపోయాక ట్రాలీల స్టాండుకి వెళ్లాం. చెట్టుకింద తొమ్మిది బండ్లు. మూడు ఆపే ఆటోలు, నాలుగు ఏసీలు, రెండు బొలేరోలు. పదకొండు గంటలవుతోంది, ఐదుగురికి ఇంకా బోణీ కాలేదు. పేపరోణ్ణని చెబితే ముందు మీటింగు గురించో, రోడ్డు గురించో అనుకున్నారు. మా తమ్ముడికి బండి కొనాలని అనగానే అందరి గొంతూ మారింది. ఒక్కరు కూడా కొనమనలేదు. ఒక్కరు కూడా తమ బండి అమ్ముతామనీ అనలేదు.

వాళ్లు చెప్పినదాన్ని కలిపి చూస్తే... టౌన్లో తిరిగితే ఐదొందలు, ఆరొందలు. ఫర్నిచరు, సిమెంటు, గ్యాసు పొయ్యి, ఇల్లు మారే సామాను, ఆన్‌లైన్లో బుక్ చేసిన ఫ్రిజ్‌లు. పెళ్లిళ్ల నెలల్లో షామియానా, వంటపాత్రలు. ఆషాఢంలో ఈగలు. వీటన్నిటికీ ముప్పావు టన్ను బండి చాలు. చెప్పాలంటే ఎక్కువ కూడా. కరెంటు ఆటోలొచ్చాక ఊళ్లో తిరుగుడు సగం వాటికే పోయిందని ఒకాయన వాపోయాడు. వాటికి ఆయిలు ఖర్చు లేదు, సందుల్లో తిరుగుతాయి, రెండొందలకే వస్తాయి.

"చిన్నబండ్లని చూసి పెద్దబండ్లు ఏడ్చేయి సార్. ఇప్పుడు మమ్మల్ని చూసి ఇంకా చిన్నవి నవ్వుతుండాయి" అన్నాడాయన.

బేస్తవారిపేట ఉల్లిగడ్డలు

రెండో రోజు ప్లాంటు ఓనరుగారి అనుమతి తీసుకుని కంభం మీదుగా గిద్దలూరు బయల్దేరాం. మొత్తం అరవై కిలోమీటర్ల చిల్లర. కంభంలో దింపాల్సిన నలభై ఖాళీ టిన్నులు వెనక వేసుకున్నాం. ఒకవైపు రైలుపట్టా, అవతల నల్లమల. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఇదంతా కర్నూలు జిల్లా. జిల్లాల గీతలు ఎన్నిసార్లు అటూఇటూ జరిగినా ఇక్కడి సరుకు దారి మాత్రం మారలేదు. మిర్చి గుంటూరుకి, కొనుగోలు సామాను నంద్యాలకో ఒంగోలుకో, కూలికి మనుషులు ఎటైతే అటు.

బేస్తవారిపేటలో ఒక వింత బండి కనిపించింది. ఏస్ మీద రేకు పెట్టె. పాత రంగు మీద కొత్త రంగు, కింద పాత అక్షరాలు ఇంకా లీలగా కనబడుతున్నాయి. చూడగానే గుర్తుపట్టాం. ఇంటింటికీ రేషన్ బండి!

2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి వాహనాలు 9,260 రోడ్డెక్కించింది. నిరుద్యోగ యువకులకు సబ్సిడీ మీద ఇచ్చింది. ఒకేసారి ఇన్ని చిన్న ట్రక్కులు మన రాష్ట్రంలో ఎప్పుడూ దిగలేదు. 2025 జూన్ 1 నుంచి ఆ పద్ధతి పోయింది, రేషన్ మళ్లీ చౌకధరల దుకాణాలకే వచ్చింది. మరి బండ్లు? కొన్ని అమ్ముడుపోయాయి. కొన్ని ఇళ్లముందు కోళ్ల గూళ్లయ్యాయి. కొన్ని మా స్టాండు లాంటి స్టాండుల్లోకి వచ్చి ఉన్న బాడుగలు పంచుకున్నాయి. ఇలాంటి సంగతులు ఏ షోరూమువాడూ చెప్పడు. గిరాకీ ఎంతుందని అడిగితే సరిపోదు, ఆ గిరాకీని పంచుకునేవాళ్లు ఎంతమందో కూడా అడగాలని నాకు అక్కడ తట్టింది.

బేస్తవారిపేట కుర్రాడు మాత్రం స్టాండుకి పోలేదు. తలుపులు తీసి అరలు అలాగే ఉంచి ఉల్లిగడ్డలు, టమాటాలు, వెల్లుల్లి సర్దాడు. మైకు పెట్టాడు. పొద్దున నాలుగు ఊళ్లు, సాయంత్రం మూడు ఊళ్లు. తూకం మిషను కూడా పాతదే!

"బాడుగకి తిప్పలేదా?" అని అడిగాను.

"తిప్పినా సార్, రెండు నెలలు. ఫోను మోగితేనే అన్నం. ఇప్పుడు నేనే అరుస్తాండా, వాళ్లే వస్తాండారు."

తమ్ముడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అరల కొలతలు జానలతో కొలిచాడు. ఏమీ మాట్లాడలేదు.

సీజన్లో బిర్యానీ

గిద్దలూరులో మా మేనత్త కొడుకు ఉన్నాడు. నాకు బావ. యాభై రెండేళ్లు. 2008లో ఏస్ కొన్నాడు, 2019లో దాన్ని అమ్మేసి బొలేరో పికప్ తీసుకున్నాడు. వాళ్లింటి అరుగుమీద అత్త పెట్టిన ఉగ్గాణి తింటూ రెండు గంటలు మాట్లాడాం. మూడు రోజుల్లో నాకు నిజంగా పనికొచ్చిన రెండు గంటలు అవే.

"చిన్నబండి ఎందుకు తీసేశావు బావా?"

"ఘాటు ఎక్కదు. దిగువమెట్ట దాటినాక బరువుతో నంద్యాల పోవాలంటే రెండో గేరులో మూలుగుతా ఎక్కేది. వెనక లారీవాళ్లు హారన్లు. ఒకసారి పుచ్చకాయలతో ఎక్కుతాంటే హీటెక్కి ఆగిపాయ. అడవిలో రాత్రంతా కాయల మీద పడుకున్నా."

ఇంకో కారణం మిర్చి. టిక్కీ నలభై, నలభై ఐదు కిలోలుంటుంది. ఏస్‌లో కాగితం ప్రకారం పదహారు టిక్కీలు. ఒక చిన్న రైతు తెచ్చేదే పాతిక, ముప్పై ఉంటాయి. ముప్పై టిక్కీలంటే 1,350 కిలోలు. చిన్నబండికి రెండు ట్రిప్పులు, బొలేరోకి ఒకటే. రైతు ఎవరిని పిలుస్తాడు? దానికితోడు బొలేరో లాంటి పికప్‌లు చాలావరకు బరువుతో కలిపి 3,000 కిలోల లోపే ఉండేలా తయారుచేస్తారు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆ బరువు దాటని సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. లైసెన్సు బాధ కూడా తగ్గింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని కారు లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చిచెప్పింది. ఎఫ్‌సీ మాత్రం తప్పదు. మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

"అయితే బొలేరోనే మేలంటావు?"

బావ చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "చిన్నబండి రోజూ సంగటి పెడతది. పెద్దబండి సీజన్లో బిర్యానీ పెడతది."

"మిగతా రోజుల్లో?"

"మిగతా రోజుల్లో అది మనల్ని తింటది."

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి, పుచ్చ, కంది. తర్వాత పెళ్లిళ్లు, డీజేలు. ఆ తర్వాత వానలకోసం ఆకాశం చూడ్డమే. కంతు మాత్రం ఆకాశం చూడదు. ఇంకో మాట కూడా చెప్పాడు. పోను బాడుగ అందరికీ దొరుకుతుంది, రాను బాడుగ దొరికినవాడే బతుకుతాడు. గిద్దలూరు నుంచి నంద్యాలకి బరువుతో పోతే వచ్చేటప్పుడు ఖాళీ. గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చేటప్పుడు ఎరువుల బస్తాలో, సామానో దొరికితే పండగ. దొరకాలంటే అక్కడ తెలిసినవాళ్లుండాలి. ఆ పరిచయాలకి ఆయనకి పదేళ్లు పట్టిందట.

తిరుగు ప్రయాణంలో కంభం చెరువు కట్టమీద కాసేపు బండి ఆపాం. విజయనగర రాజుల నాటి చెరువు. గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య కట్టారు. అప్పుడు ఆ రాళ్లన్నీ మోసింది ఏ బండ్లో! వెనక ఖాళీ తొట్టి గడగడమంటోంది. తమ్ముడు ఫోన్లో ఏదో లెక్క వేసుకుంటున్నాడు. చూస్తే, ఈ రోజు ఖాళీగా ఎన్ని కిలోమీటర్లు వచ్చామో రాసుకుంటున్నాడు.

డల్లాస్ అన్న పికప్

ఆ రాత్రి అమెరికాలో ఉన్న మా పెదనాన్న కొడుకు వీడియో కాల్ చేశాడు. డల్లాస్‌లో సాఫ్ట్‌వేరు. విషయం విని గట్టిగా నవ్వాడు. "నా దగ్గరా పికప్పే ఉంది, చూడు" అని గరాజులోకి తీసుకెళ్లి చూపించాడు. మా ఇంటి వసారా అంత ఉంది. నాలుగు తలుపులు, తోలు సీట్లు. వెనక తొట్టిలో ఒక్క గీత లేదు. అందులో ఆయన మోసిన అతి పెద్ద బరువు వినాయక చవితికి గుడికి తీసుకెళ్లిన పందిరి గుంజలట.

అక్కడ కథ మనకు తిరగేసి నడిచింది. ఒకప్పుడు చిన్నచిన్న పికప్‌లు కూడా ఉండేవి. పోనుపోను పెరిగి పెద్దవయ్యాయి. 1964లో కోళ్ల గొడవలో యూరప్ మీద కోపంతో దిగుమతి ట్రక్కుల మీద వేసిన 25 శాతం సుంకం తీయకుండా ఉంచేయడంతో బయటి చిన్నబండ్లు రావడమే కష్టమైంది. కొందరు ఇప్పుడు జపాన్‌లో పాతబడిన బుల్లి ట్రక్కుల్ని తెప్పించుకుంటున్నారట. 660 సీసీ ఇంజను, 350 కిలోల మోత. పాతికేళ్లు దాటిన బండి అయితేనే సులువుగా రానిస్తారు. 2021లో ఫోర్డు కంపెనీ మావెరిక్ అని కాస్త చిన్నది 20 వేల డాలర్ల లోపు ధరతో తెస్తే జనం ఎగబడి బుక్ చేశారు.

"మాకు చిన్నది కావాలి, దొరకదు. మీకు దొరుకుతుంది, కొనలేరు" అన్నాడాయన. మంచివాడే. కానీ అమ్మ పక్కనే కూర్చుని వింటోంది.

సంతకం

మూడో రోజు లెక్కలు. తమ్ముడి మనసులో ఉన్నది 2025 జూన్‌లో వచ్చిన ఏస్ ప్రో. పెట్రోలుది మొదట 3 లక్షల 99 వేలకి పెట్టారు. అదే ముప్పావు టన్ను మోత, 30 హార్స్‌పవర్. సెప్టెంబరులో సరుకు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగడంతో ధర ఇంకొంచెం తగ్గింది. మూడున్నర లక్షలు అప్పు, ఐదేళ్లు, నూటికి ఏడాదికి పన్నెండు వడ్డీ అనుకుంటే నెలకి దాదాపు 7,800. బొలేరో అయితే ఎనిమిది లక్షలు అప్పు చేయాలి. నెలకి 17,800.

ప్లాంటు ఓనరు సొంత బండి తెస్తే రోజూ రెండు ట్రిప్పులు ఇస్తానన్నాడట. ఎండాకాలం నాలుగు. కాగితం మీద రాసిస్తాడా అంటే "మనిషి మంచోడన్నా" అన్నాడు వీడు. మంచివాడే కావచ్చు. కంతు అడిగేవాడికి ఆయన మంచితనం చూపించి గడువు తీసుకోలేం గదా.

నేను నా అభిప్రాయం చెప్పాను. మనకాడ చిన్నబండికి గిరాకీ ఉంది. మూడు రోజుల్లో నేను చూసిన సామాన్లలో సగానికి పైగా ముప్పావు టన్ను లోపువే. కానీ బాడుగ కోసం ఎదురుచూసేవాడికి ఉన్నంత గిరాకీ ఇంకొకడు కూడా పంచుకుంటున్నాడు. బేస్తవారిపేట కుర్రాడిలా సొంత సరుకున్నవాడికైతే బండి లాభం. సరుకు లేకుండా, చేను కుదవపెట్టి, నోటిమాట మీద... వద్దురా.

తమ్ముడు అరగంట సేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "నువ్వు ఉద్యోగానికి పోయేటప్పుడు ఎవరైనా కాగితం రాసిచ్చారా అన్నా?"

నా డిప్లొమా ఫీజు అమ్మ మెళ్లో గొలుసు. కుదవపెట్టింది. అది మళ్లీ విడిపించలేదు. ఈ మాట వాడు అనలేదు. అనకపోయినా నాకు వినపడింది. అప్పుడు ఎవరూ మూడు రోజులు తిరిగి జర్నలిస్టులకి గిరాకీ ఉందా అని అడిగి రాలేదు.

అమ్మ లోపలికి వెళ్లి పెట్టె తెరిచింది. చీర తీసింది, మడత విప్పింది, పాసుపుస్తకం తెచ్చి మా ఇద్దరి మధ్య మంచం మీద పెట్టింది. "మీరే తేల్చుకోండి. నేను సంతకం పెడతా. ఒకసారి ఎత్తుకుపోతే చూసినా గదా, మళ్లీ చూడలేక చస్తానా" అంది. ఇద్దరం ఆ పుస్తకం ముట్టుకోలేదు.

గిద్దలూరు బావకి ఫోన్ చేశాను. ఆయనకి తెలిసినవాళ్ల ఏస్ ఒకటి ఆరునెలలుగా నిలబడి ఉంది. 2016 మోడల్. కొనక్కర్లేదు, నెలకింత అని ఇస్తే తిప్పుకోవచ్చు. టైర్లు, బ్యాటరీ మనం వేసుకోవాలి. ఆ ఖర్చు నేను పెడతానన్నాను. తమ్ముడు ఒప్పుకున్నాడు, సంతోషంగా కాదు. "సొంతం కాదు గదన్నా" అన్నాడు. కాదు. నిజమే.

బండి వచ్చి రెండు నెలలైంది. నేను ఇక్కడ ఆఫీసులో కూర్చుని ఈ ముక్కలు రాస్తున్నాను. ఇంట్లో పాత రాతిపలక ఒకటి ఉంది. పాలలెక్క రాసుకునేది. ఇప్పుడు దాని మీద అమ్మ బండి లెక్క రాస్తోంది. ప్రతి ఆదివారం తుడవకముందు తమ్ముడు ఫోటో తీసి నాకు పంపుతాడు. అమ్మ అక్షరాలు పెద్దవి, ఒక వరుసకి రెండు మూడు మాటలే పడతాయి. కంభం, టిన్నులు, రాను ఖాళీ. తర్లుపాడు, మంచం బీరువా, రాను ఖాళీ. నాలుగో వారం నుంచి ఒక కొత్త వరుస కనపడుతోంది. దోర్నాల, టిన్నులు, రాను చింతపండు. చింతపండు బాడుగ కాదు. వీడే కొన్నాడు. రెండు బస్తాలు. మార్కాపురంలో ముగ్గురు కిరాణా షాపువాళ్లకి వేశాడు. ఎంత మిగిలిందంటే చెప్పలేదు.

నిన్న అమ్మే ఫోన్ చేసింది. అన్నం తిన్నావా, దగ్గు తగ్గిందా అన్నీ అయ్యాక అడిగింది.

"ఆ కొత్త బండి ఎంతంటివి?"

"నాలుగు లక్షల్లోపమ్మా. ఏం?"

"ఊరికే. ముందర సీట్లో ఎంతమంది కూచోవచ్చు?"

"ఇద్దరు."

"సరిపోతదిలే" అని పెట్టేసింది.